సాల్వోర్ చెప్పే తలుపు పాఠం

“చెయ్యి చూపించు.”

కారు అద్దెకు కావాలని మా కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా, లైసెన్సు చూశాక అక్కడ కూర్చునే సాల్వోర్ మొదట అనేది ఇదే. పెద్ద పెద్ద డాక్టర్లు కూడా బడిపిల్లల్లా చెయ్యి చాపేవారు.

“రెండోది?”

రెండోదీ చాపేవారు.

“ఆఁ. దేవుడు రెండిచ్చాడు. మా గాలిలో కారు తలుపు తీసేటప్పుడు రెండూ తలుపు మీదే ఉండాలి. ఒకటి ఫోను మీద, ఒకటి తలుపు మీద పెట్టావనుకో, తలుపు సముద్రంలో తేలుతుంది. అర్థమైందా? ఏం అర్థమైందో చెప్పు.”

చెప్పేదాకా తాళం చేతికిచ్చేది కాదు. రేక్యావిక్‌లో కార్లు అద్దెకిచ్చే కంపెనీలు బోలెడున్నాయి, ఎక్కడా ఈ పరీక్ష లేదు. మా దగ్గర మాత్రం ఇరవై రెండేళ్ళుగా ఉంది. కారు తిరిగొచ్చినప్పుడు ఆవిడ టార్చి పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చుని చుట్టూ పాకేది. గోటిగీత కూడా ఆవిడ కన్ను దాటిపోయేది కాదు. “ఇది రాయి కాదు, గొర్రె,” అనేది ఒక్కోసారి బంపరును వేలితో తడిమి. కస్టమరు నీళ్ళు నమిలేవాడు. నిజంగానే గొర్రె అయ్యుండేది.

నా పేరు తోర్దిస్. వెనక షెడ్డులో కార్లు కడుగుతాను. నాది ప్రశాంతమైన ఉద్యోగం. నీళ్ళు, బ్రష్షు, రేడియో. ఈ కథలో నా స్వార్థం కూడా కాస్త ఉంది కాబట్టి ముందే చెప్పేస్తున్నాను.

ఆగస్టులో కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి వచ్చింది. తలుపు పాఠం జరుగుతుండగా పెళ్ళికొడుకు ఫోను చూసుకుని నవ్వాడు. “తలుపునే పట్టుకోలేనివాడివి, పెళ్ళాన్నేం పట్టుకుంటావు?” అంది సాల్వోర్. వాళ్ళు ఫిర్యాదు కాగితం రాసిపోయారు. అంతకుముందువి ఉండనే ఉన్నాయి. మా యజమాని ఒడ్డుర్ మెత్తటి మనిషి, కాని ఆ రోజు మాత్రం బల్ల మీద అరచెయ్యి వేశాడు.

“సాల్వోర్, ఇంకొక్క ఫిర్యాదు. ఒక్కటంటే ఒక్కటి. ఆ తరవాత కౌంటరు వదిలేసి తోర్దిస్ షెడ్డుకి వెళ్ళిపో. వచ్చే ఏడు పెన్షను వచ్చేదాకా అక్కడే.”

ఆవిడ ముఖం పాలిపోయింది. నాకు జాలేసింది, మరుక్షణం భయమేసింది. సాల్వోర్ ఇంట్లో ఉండేది ఒక ముసలి పిల్లి, అదీ చెవిటిది. ఆ కౌంటరు పోతే మాట్లాడ్డానికి ఆవిడకి మనిషి ఉండదు. షెడ్డుకొస్తే ఆ మాటలన్నీ వినాల్సింది నేను. అందుకని ఆ రోజునుంచీ ఆవిడ నోరు జారకుండా కాపు కాయడం నా పని అయింది.

సెప్టెంబరులో ఓ సోమవారం జర్మనులు ముగ్గురు వచ్చారు. డీట్మార్ అనే పొడుగాటాయన, ఆయన భార్య హైకె, ఆమె తల్లి గెర్లిండె. డీట్మార్ కారు తీసుకునేముందు దాన్ని నలభై నిమిషాలు వీడియో తీశాడు. టైర్ల లోపలి భాగం తీశాడు, డిక్కీలో స్పేరు టైరు తీశాడు. సాల్వోర్ కిటికీలోంచి చూస్తూ పళ్ళు కొరుక్కుంటోంది. నేను పక్కన నిలబడి ఆవిడ కాలు తొక్కుతున్నాను.

“డీట్మార్, అయిందా? ఇలా రా,” అని పిలిచింది చివరికి. మాకు అందరినీ పేరుతో పిలవడమే తెలుసు. ఆయన మాత్రం చెంపదెబ్బ తిన్నట్టు చూశాడు.

పాఠం అయింది. సంతకం అయింది. అప్పుడు ముసలావిడ కౌంటరు మీద మోచేతులు ఆనించింది. పొట్టి మనిషి, మెడలో ఎర్ర మఫ్లరు.

“రెండో డ్రైవరు అన్న గడిలో నా పేరు రాయి.”

“వయసు?”

“ఎనభై ఒకటి.”

“డెబ్భై అయిదు దాటితే కుదరదు.”

“బ్రేమెన్‌లో ముప్ఫై నాలుగేళ్ళు సిటీ బస్సు నడిపాను. ఒక్క అద్దం పగలలేదు.”

“నువ్వు విమానం నడిపుండొచ్చు, రూలు రూలే.”

“అత్తయ్యా, చెప్పాను కదా,” అన్నాడు డీట్మార్ నవ్వుతూ. ఆ నవ్వు నాకే నచ్చలేదు, ఆవిడకెలా నచ్చుతుంది. గెర్లిండె పర్సులోంచి తీసిన లైసెన్సును మళ్ళీ పర్సులో పెట్టుకుని, సాల్వోర్‌ని తలనుంచి కాళ్ళదాకా ఒకసారి చూసింది. “నిన్ను గుర్తుపెట్టుకుంటాను,” అంది.

మర్నాడు పొద్దున జరిగింది నాకు సాల్వోరూ చెప్పింది, గెర్లిండె కూడా చెప్పింది. ఇద్దరూ ఒకటే చెప్పారు కాబట్టి నమ్మాను.

వర్క్‌షాపు నుంచి బాగుచేసిన కారొకటి ఆఫీసుకి తేవాలి. సాల్వోర్ వెళ్ళి తీసుకుంది. మా కార్లన్నీ ఒకటే రకం, ఒకటే తెలుపు. దారిలో బేకరీ దగ్గర ఆగింది. వానా గాలీ కలిసి కొడుతున్నాయి. బేకరీ ముందు ఎప్పటిలాగే ఆరేడు కార్లు ఇంజను ఆపకుండా, మనుషులు లేకుండా గురగురమంటూ నిలబడి ఉన్నాయి. లోపలికెళ్ళి రొట్టె కొనుక్కుని వచ్చే రెండు నిమిషాలకి కారు చల్లబడనిస్తామా ఎవరమైనా? సాల్వోరూ అంతే. వెళ్ళింది, స్నూదుర్ కొంది. అదంటే ఆవిడకి ప్రాణం. దాల్చినచెక్క పొడి వేసి చుట్టిన అరచెయ్యంత తీపి రొట్టె, పైన చాక్లెట్ పూత. బయటికొచ్చి, తలవంచుకుని పరిగెత్తి, తెల్ల కారెక్కి పోనిచ్చింది.

సీటు మరీ వెనక్కి ఉంది. “ఈ మెకానిక్కులకి కాళ్ళా, స్తంభాలా?” అని తిట్టుకుంటూ ముందుకి జరుపుకుంది. ప్రపంచంలో ఎవరి కారు మీద గీత ఉన్నా కనిపెట్టే మనిషి, తను ఎక్కిన కారు ఎవరిదో చూసుకోలేదు!

మూడు సందులు దాటి సముద్రం వైపు రోడ్డులోకి తిరిగింది.

“ఇండికేటరు వెయ్యలేదు,” అంది వెనకసీటు.

సాల్వోర్ అరిచిన అరుపుకి తనకే చెవులు గింగురుమన్నాయట. కారును పక్కకి లాగి ఆపి వెనక్కి తిరిగింది. పెద్ద కోట్ల గుట్ట కిందనుంచి ఎర్ర మఫ్లరు, దాని పైన గెర్లిండె ముఖం బయటికొచ్చాయి.

“ఇంతకుముందు సందు దగ్గర కూడా వెయ్యలేదు. అప్పుడు ఊరుకున్నాను.”

“నువ్వు... నా కార్లో ఏం చేస్తున్నావు?”

“నీ కారా? బాగా చూడు. అద్దానికి వేలాడుతున్న ఆ చెట్టుబొమ్మ మా హైకె కొన్నది. ఇక్కడ అందరూ ఇంజను ఆపకుండా వెళ్తున్నారు, మనమూ అలాగే వెళ్దాం, మీకు వెచ్చగా ఉంటుంది పడుకోండి అత్తయ్యా అన్నాడు మా అల్లుడు. పడుకున్నాను. నువ్వొచ్చి ఎత్తుకెళ్ళావు.”

“నేను ఎత్తుకెళ్ళలేదు!”

“మరి దీన్నేమంటారు మీ భాషలో?”

సాల్వోర్ వానలోకి దిగి, నంబరు ప్లేటు చూసి, మళ్ళీ ఎక్కి కూర్చుంది.

అదే సమయంలో ఇక్కడ కౌంటరులో ఫోను మోగింది. ఆవిడ వచ్చేదాకా నేనే కూర్చున్నాను.

“కారు దొంగతనం జరిగింది!” డీట్మార్ గొంతు. “అందులో నా కెమెరా స్టాండు ఉంది, కొత్త రెయిన్‌కోటు ఉంది, రోడ్డు మ్యాపు ఉంది, మా అత్తగారున్నారు. పోలీసులకి ఫోన్ చేస్తున్నాను!”

“ఆగండాగండి. మీ పక్కన ఇంకో తెల్ల కారు నిలబడి ఉందా, ఇంజను తిరుగుతూ?”

“ఉంది. అయితే?”

“ముందు సీట్లో పసుపుపచ్చ టార్చి ఉందా?”

“ఉంది. మీకెలా తెలుసు?”

ఆ టార్చి లేకుండా సాల్వోర్ స్నానానికి కూడా వెళ్ళదు. ఫిర్యాదు కాగితం, షెడ్డు, పొద్దున్నుంచి సాయంత్రందాకా నా చెవి పక్కన ఆవిడ నోరు, అన్నీ కళ్ళముందు కదిలాయి. అబద్ధం దానంతటదే వచ్చేసింది.

“కంగారేం లేదు. మీ కారు ఇంజను చప్పుడు మా మనిషికి తేడాగా వినిపించి, పరీక్ష చేయడానికి తీసుకెళ్ళింది. ఉచితమే. మీరు కాఫీ తాగుతూ ఉండండి, గంటలో తెచ్చేస్తుంది.”

“ముందుగా చెప్పొద్దా?”

“మీ అత్తగారికి చెప్పింది.”

పెట్టేసి సాల్వోర్‌కి చేశాను. “గంటసేపు ఆపాను. ఒడ్డుర్ పదింటికొస్తాడు. ఆ ముసలావిణ్ణి ఎలాగైనా బతిమాలుకో.”

బతిమాలుకోవలసిన పని లేకపోయింది. గెర్లిండె అప్పటికే బేరం మొదలుపెట్టింది.

“మా అల్లుడు ఫిర్యాదులు రాయడంలో ఘనుడు. పోయినసారి హోటల్లో దిండు లావుగా ఉందని రెండు పేజీలు రాశాడు. అత్తగారిని ఎత్తుకెళ్ళారంటే ఎన్ని రాస్తాడో నువ్వే లెక్కేసుకో. నేను మాత్రం హాయిగా నిద్రపోయానని చెప్పగలను.”

“ఏం కావాలి నీకు?”

“నువ్వు ఇటు రా. నేను అటు వస్తాను.”

“కుదరదు. రూలు...”

“నా కళ్ళజోడు మార్చుకోవడానికి వెళ్ళొచ్చేసరికి ఇంట్లోవాళ్ళు నా కారు అమ్మేశారు,” అంది గెర్లిండె. అప్పుడు మాత్రం ఆవిడ గొంతులో వేళాకోళం లేదట. “లైసెన్సు ఇంకా నా దగ్గరే ఉంది. కళ్ళు బాగున్నాయి. ఏప్రిల్ నుంచి స్టీరింగు ముట్టుకోలేదు. ముప్ఫై నాలుగేళ్ళు ఊరంతటినీ మోసిన మనిషిని, ఇప్పుడు వెనకసీట్లో కోట్ల పక్కన పడేశారు.”

సాల్వోర్ బయటి వానకేసి చూసింది. తనకీ వచ్చే ఏడు పెన్షను. కౌంటరు అవతల తనేమిటో తనకి తెలియదు. “దీపస్తంభం దాకా,” అంది. “వెళ్ళి రావడమే.”

దిగి చుట్టూ తిరిగి పక్క సీట్లో కూర్చుంది. అలా కూర్చోవడం ఆవిడకి చేతకాదు. గేరు మారినప్పుడల్లా లేని బ్రేకు తొక్కుతూనే ఉంది. కాని గెర్లిండె నడుపుతుంటే తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదట. ఒక్క కుదుపు లేదు. కాకపోతే బస్‌స్టాపు కనబడగానే కారు దానంతటదే నెమ్మదై, కొలత తీసినట్టు కాలిబాటకి ఆనుకుని ఆగింది.

“ఎందుకాపావు?”

“అయ్యో. అలవాటు.”

ఈలోగా వెనకతలుపు తెరుచుకుంది. వానలో నిలబడ్డ మనిషి ముందు కారు ఆగితే ఎక్కుతాడు మరి. తువ్వాలు చంకలో పెట్టుకున్న ముసలాయన, పేరు ఎగ్గెర్ట్, కోట్లు పక్కకి తోసి కూర్చున్నాడు.

“ఈతకొలనుకి. మీరెటు?”

“దీపస్తంభానికి,” అంది సాల్వోర్ నీరసంగా.

“పక్కనేగా. నేనూ వస్తాను, అక్కణ్ణుంచి నడుస్తాను. డ్రైవరు బాగా నడుపుతోందే!”

“ముప్ఫై అయిదో ఏడు,” అంది గెర్లిండె గర్వంగా, కళ్ళు రోడ్డు మీదనుంచి తియ్యకుండా.

దీపస్తంభం దగ్గర సముద్రం రోడ్డుకి రెండువైపులా ఉంటుంది. ఆ రోజు గాలి కారును ఊయలలా ఊపుతోంది. గెర్లిండె ఇంజను ఆపి, స్టీరింగు మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. చెంపలు తడిశాయి, తుడుచుకోలేదు. సాల్వోర్ పొద్దున కొన్న స్నూదుర్ సంచీలోంచి తీసింది. సగం తుంచి ఆవిడకిచ్చింది. గెర్లిండె ఆ ముక్క తింటుండగానే, సాల్వోర్ గాలి పీల్చుకోవాలనిపించి, మిగతా సగం ఎడమచేతిలో పట్టుకుని కుడిచేత్తో తన వైపు తలుపు తీసింది.

ఒక్క చేత్తో.

గాలి ఆ తలుపును లాగి విరగదీసినంత పనిచేసింది. మెటికలు విరిచినట్టు చప్పుడైంది. తలుపు ముందు చక్రం పైన రేకుకి గుద్దుకుని, రేకు సొట్టపోయి, వెనక్కొచ్చి వేలాడింది. సాల్వోర్ రోడ్డు మీద నిలబడి తన చేతిలో ఉన్న రొట్టె కేసి చూసింది. అది మాత్రం భద్రంగా ఉంది.

“దేవుడు రెండిచ్చాడు,” అంది గెర్లిండె లోపల్నుంచి, మెల్లిగా.

ఎగ్గెర్ట్ వెనకనుంచి దిగాడు, రెండు చేతులతో పట్టుకునే దిగాడు. తలుపు చూశాడు, రొట్టె చూశాడు, సాల్వోర్ ముఖం చూశాడు. “నేను వెళ్ళొస్తా,” అని తువ్వాలు సర్దుకుని ఈతకొలను వైపు ఎంత వేగంగా నడిచాడంటే, ఆ వేగం చూసే అనుమానపడాల్సింది.

తలుపు ఎత్తిపెట్టి నొక్కితే పట్టుకుంది. బేకరీ దగ్గరికి సాల్వోరే నడిపింది, ప్రతి మలుపులో ఇండికేటరు వేసి మరీ. డీట్మార్ కాఫీలు మూడు తాగి కూర్చున్నాడు. “ఇంజను బాగానే ఉంది,” అని చెప్పి తాళం ఇచ్చింది. “నేనసలు నిద్రలోనే ఉన్నాను,” అంది గెర్లిండె ఆవలిస్తూ. డీట్మార్ మా సేవలకి ముగ్ధుడై చెయ్యి కలిపాడు. హైకె కూర్చునే వైపు తలుపు కదా, ఆయన చూడలేదు. వాన ఆగాక చూశాడు. చూసి, పెళ్ళాం ఒక్క చేత్తో తీసిందని తేల్చేశాడు. మూడు రోజులు కారులో ఆ గొడవే. గెర్లిండె ఫోన్ చేసి అక్కడివి చెప్పేది, నేను ఇక్కడివి చెప్పేదాన్ని.

ఆ మూడు రోజులూ సాల్వోర్ కౌంటరులో ఎలా కూర్చుందో నాకే తెలుసు. బుధవారం ఒకావిడ వచ్చింది. “చెయ్యి...” అని ఆగిపోయింది సాల్వోర్. “తాళం తీసుకో, జాగ్రత్త,” అని పంపేసింది. గురువారమూ అంతే. తలుపు పాఠం లేదు. నాకు రేడియో కూడా వినబుద్ధి కాలేదు.

“జర్మనాయన మీద రాసెయ్యి,” అన్నాను. “రోజూ ఇలాంటి తలుపులు రెండొస్తాయి. పెళ్ళామే తీసిందని వాళ్ళే అనుకుంటున్నారు. ఎవరు కాదంటారు?”

“ఎవరూ కాదనరు,” అంది. అంతే అంది.

“నిజం రాశావనుకో, ఆయన ఫిర్యాదు రాస్తాడు. నువ్వు నా షెడ్డుకొస్తావు. నాకది ఇష్టం లేదు, మొహమాటం లేకుండా చెప్తున్నా.”

“తెలుసు,” అంది.

శుక్రవారం పొద్దున కారొచ్చింది. సరిగ్గా ఆ వేళకే ఒడ్డుర్ కాఫీ కప్పు పట్టుకుని కౌంటరు పక్కన నిలబడ్డాడు. మామూలుగా ఆయన ఆ వేళకి రాడు. డీట్మార్ చేతిలో ఫైలు, హైకె ముఖం మాడ్చుకుని ఉంది. గెర్లిండె కుర్చీలో కూర్చుని మఫ్లరు విప్పుకుంది.

సాల్వోర్ టార్చి తీసుకుని మోకాళ్ళ మీద మొదలుపెట్టింది. ముందు చక్రం. బంపరు. ఎడమవైపు తలుపులు. వెనక. ఆవిడ పాకుతూ పాకుతూ ఆ తలుపు దగ్గరికి వచ్చేసరికి నేను బ్రష్షు పట్టుకుని షెడ్డులోంచి వచ్చి నిలబడ్డాను.

“నా భార్య ఒప్పుకోవడం లేదు, కానీ...” అని మొదలెట్టాడు డీట్మార్.

“నీ భార్య ఏం చెయ్యలేదు,” అంది సాల్వోర్. లేచి, మోకాళ్ళు దులుపుకుని, లోపలికొచ్చి కౌంటరు మీద ఫారం పెట్టుకుని రాసింది. ఎప్పుడూ గబగబా గీకే మనిషి, ఆ రోజు ఒక్కో అక్షరం దిద్దినట్టు రాసింది. రాసి ఒడ్డుర్ వైపు తోసింది.

ఒడ్డుర్ పైకి చదివాడు. “కుడి ముందు తలుపు, బిజాగరి వంగింది, రేకు సొట్ట. చేసిన మనిషి, సాల్వోర్. మంగళవారం పొద్దున తొమ్మిదింటికి, దీపస్తంభం దగ్గర, తలుపు ఒక్క చేత్తో తీసింది. అంతకుముందు బేకరీ ముందునుంచి కస్టమరు కారును తనదనుకుని, అత్తగారితో సహా తీసుకెళ్ళింది.”

హైకె మొగుడి వైపు తిరిగింది. ఆ చూపుకి ఆయన మూడు రోజుల మాటలన్నీ వెనక్కి మింగాల్సొచ్చింది. అవి మింగడం కష్టమై సాల్వోర్ మీదికి తిరిగాడు.

“మా అత్తగారిని ఎత్తుకెళ్ళారు! ఇంజను పరీక్ష అని అబద్ధం చెప్పారు! ఫిర్యాదు ఫారం ఇవ్వండి, ఇప్పుడే!”

ఒడ్డుర్ ఫారం, పెన్నూ ఇచ్చాడు. సాల్వోర్ కౌంటరు మీది తన కప్పు, పెన్నులు, పిల్లి ఫొటో ఒక్కొక్కటే తీసి సంచీలో వేసుకుంటోంది. నాకు ఏడుపొచ్చింది. షెడ్డు గురించి కాదు.

“రాయి డీట్మార్,” అంది గెర్లిండె కుర్చీలోంచి. “వివరంగా రాయి. నేనూ ఒకటి రాస్తాను. ఎనభై ఒక్కేళ్ళ మనిషిని ఇంజను తిరుగుతున్న కారులో వదిలేసి, కాఫీకి వెళ్ళిన అల్లుడి గురించి. దొంగతనం జరిగిందని ఫోన్ చేసి, కెమెరా స్టాండు తరవాత, రెయిన్‌కోటు తరవాత, మ్యాపు తరవాత అత్తగారి పేరు చెప్పిన అల్లుడి గురించి.”

“అది మీకెవరు...” డీట్మార్ నావైపు చూశాడు. నేను బ్రష్షు వైపు చూశాను.

“క్రిస్మస్‌కి చుట్టాలందరి ముందూ చదువుతాను,” అంది గెర్లిండె.

ఆయన పెన్ను మూత పెట్టాడు. ఫారం రెండుగా, నాలుగుగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“ఫిర్యాదు లేదా?” అన్నాడు ఒడ్డుర్.

“లేదు.”

“అయితే ఆ సామాను తీసి మళ్ళీ పెట్టుకో, సాల్వోర్. ఈ ఫారంలో మాత్రం ఒక తప్పుంది. రెండో చేతిలో స్నూదుర్ ఉన్న సంగతి రాయలేదు.”

సాల్వోర్ చేతిలో పిల్లి ఫొటో అలాగే ఉండిపోయింది. “నీకెలా తెలుసు?”

“మంగళవారం పొద్దున నేనిక్కడికి వచ్చేముందు ఈతకొలను దగ్గర వేడినీళ్ళ తొట్టిలో ఎగ్గెర్ట్ నా పక్కనే కూర్చున్నాడు. తొట్టిలో తొమ్మిదిమందిమి ఉన్నాం. బస్సులాగా నడిపే జర్మను అవ్వ గురించి ఊళ్ళో అందరికీ తెలుసు, అందరికీ తెలుసని నీకే తెలీదు. మూడు రోజుల్నించి చూస్తున్నాను, ఎవరి పేరు రాస్తావోనని.”

సాల్వోర్ మొహం చెవులదాకా ఎర్రబడింది. ఫారం వెనక్కి లాక్కుని, “రెండో చేతిలో స్నూదుర్” అని కలిపింది. తరవాత ఇంకో గడి దగ్గర ఆగి, అందులోనూ ఏదో రాసింది. ఒడ్డుర్ తొంగి చూసి కనుబొమలెత్తాడు.

“డెబ్భై అయిదు దాటితే అక్కడ రాయకూడదు కదా?”

“నడిపింది కాబట్టి నడిపిందని రాశాను. అబద్ధం రాయమంటావా?”

గెర్లిండె లేచి కౌంటరు దగ్గరికొచ్చింది. ఆ ఫారం నకలు అందుకుని, కళ్ళజోడు సవరించుకుని, వేలు పెట్టి ఆ గడి చూసుకుంది. అల్లుడి ముందు పెట్టింది.

“చదువు.”

“అత్తయ్యా, విమానానికి టైమ్...”

“పైకి చదువు.”

“రెండో డ్రైవరు, గెర్లిండె,” అని చదివాడు డీట్మార్.

“వయసు కూడా ఉంది. అదీ చదువు.”

“ఎనభై ఒకటి.”

ఆవిడ కాగితాన్ని మడిచి, పర్సులో లైసెన్సు పక్కన పెట్టుకుంది. బయట గాలి మళ్ళీ లేచింది. వాళ్ళు తలుపు దాటుతుండగా మా కౌంటరు దగ్గరికి కొత్త కస్టమరు వచ్చి నిలబడ్డాడు, చెవికి ఫోను ఆనించుకుని.

“చెయ్యి చూపించు,” అంది సాల్వోర్.